పుంగనూరు కారు వెనక సీటు

కారు కొనేవాళ్ళు బానెట్ ఎత్తి చూస్తారు, టైర్లు తన్ని చూస్తారు. మేం మాత్రం నన్ను వెనక సీట్లో పడుకోబెట్టి చూసేవాళ్ళం. ఎనభైల మొదట్లో మదనపల్లెలో పాత కారు అమ్మజూపిన ఇళ్ళవాళ్ళలో కొందరికి ఈ వింత ఇప్పటికీ గుర్తుండే ఉంటుంది. బేరానికి వచ్చిన ఆడమనిషి చెప్పులు విప్పి కారెక్కి, కాళ్ళు ముడుచుకుని పడుకుని, "ఇంక పోనియ్యండి" అంటే ఎవరు మరిచిపోతారు?

రెండో కాన్పు తర్వాత నా నడుం చెడింది. కాసేపు కూర్చుంటే చాలు, వెన్ను మీద నిప్పులు పోసినట్టుండేది. పడుకుంటే ఫరవాలేదు. బస్సులో ఎవరు పడుకోనిస్తారు? రెండేళ్ళపాటు నేను మదనపల్లె పొలిమేర దాటలేదు. పెళ్ళిళ్ళు పోయాయి, తిరునాళ్ళు పోయాయి, పోతే పోనీ అనుకున్నాను. కానీ కుప్పంలో మా చెల్లెలు తొలిచూలు మనిషి. మా అమ్మ పోయేనాటికి దానికి నిండా ఆరేళ్ళు లేవు. దానికి జడ వేసిందీ, అన్నం తినిపించిందీ, అత్తారింటికి సాగనంపిందీ నేనే. దానికి అత్తగారు కూడా లేదు. కాన్పుకు మా ఇంటికే తెచ్చుకుందామంటే, మధ్యలో రక్తం కనిపించిందని డాక్టరమ్మ ప్రయాణం వద్దనేసింది. అది రాలేదు, నేను పోలేను. "అక్కా, నువ్వు పక్కనుంటే నాకు బయం ల్యాదు" అని అది కబురు చేసినప్పుడల్లా నాకు ఏడుపు వచ్చేది, ఆ వెంటనే కోపం వచ్చేది. ఆ కోపమంతా మా ఆయన మీద పడేది.

మా ఆయనది చెనక్కాయల మండీ, వేరుశనగల టోకు వ్యాపారం. మండీ జీపు మీద డ్రైవింగు బాగానే వచ్చింది. ఒకసారి ఆ జీపులోనే నన్ను పడుకోబెట్టి ఊరి బయటి దాకా తీసుకుపోయి, నా కేకలకు భయపడి వెనక్కి తిప్పాడు. కారు మాట వచ్చింది ఆ రోజే. కొత్త కారు మా తాహతుకు మించినది. ఎవరైనా ఇంట్లో వాడుకున్న కారే చూసుకోవాలి.

బేరం చేయడానికి మా ఆయన మేనమామ కలకడ నుంచి దిగాడు. జీవితమంతా ఎద్దుల్ని కొని అమ్మిన మనిషి. కారు గురించి ఆయనకు తెలిసింది సున్నా. అయినా ఆయన ధైర్యం ఆయనది. "యా ఇంటికి పోయినా ముందు మంచినీళ్ళు అడుగుతాను. సెంబు యెట్ల ఇస్తారో సూస్తే సాలు, బండిని యెట్ల సూసుకున్న్యారో తెలిసిపోతాది" అనేవాడు. మేం నవ్వేవాళ్ళం. ఆయన మాత్రం నిజంగానే నీళ్ళు తాగి, మీసం తుడుచుకుని, చెంబును అటూ ఇటూ తిప్పి చూసేవాడు.

నా పద్ధతి ఇంకోటి. మగవాళ్ళు ఇంజను చుట్టూ మూగితే, ఆ ఇంటి ఆడవాళ్ళు నా అవస్థ చూసి వంటింటి పక్కన చాప పరిచేవాళ్ళు. పడుకున్న మనిషితో మాట్లాడటంలో ఏం మహత్యముందో గానీ, అసలు సంగతులన్నీ అక్కడే బయటపడేవి. మదనపల్లెలోనే ఒక కాంట్రాక్టరు బయట నిలబడి, తన కారుకు గోరు గీటు కూడా పడలేదని ఒట్టేస్తున్నాడు. లోపల ఆయన భార్య కాఫీ కలుపుతూ నా చెవి దగ్గరకు వంగింది. "కొనొద్దమ్మా. తాగి సెట్టుకు గుద్దినాడు. పైన రంగేసినాడు గాని లోపల వంకర అట్లే ఉండాది. నడుం నొప్పి మనిసివి, నీకు యాల?" అంది. నేను బయటికి వచ్చి, సీటు నాకు సరిపడలేదని మాత్రం చెప్పాను. ఆమె మాట నా నోటి నుంచి జారితే ఆమె గతి ఏమవుతుందో ఆ గొంతులోనే తెలిసిపోయింది. ఇలా కొన్ని బేరాలు చెడ్డాక, అమ్మేవాళ్ళంతా మోసగాళ్ళని మా మామ తీర్మానించాడు. ఆ వంటింటిని చూసిన నేను ఆ మాట ఒప్పుకోలేకపోయాను.

చెల్లెలికి ఏడో నెల నిండాక పుంగనూరులో ఒక అంబాసిడర్ ఉందని తెలిసింది. ఊరి చివర మామిడితోట ఉన్న రైతు కుటుంబం. ఇంటాయన పోయి ఏడాది కాలేదు. ఆయన భార్యకు యాభై దాటి ఉంటాయి. పిల్లలు లేరు, తమ్ముడు వచ్చిపోతూ సాయం చేస్తుంటాడు. ఇంట్లో ఎక్కేవాళ్ళు లేక అమ్ముతున్నారు. నా సంగతి విని ఆమే తమ్ముడి చేత కారును మదనపల్లెకు పంపించింది, ఎక్కి పడుకుని రమ్మని.

వెనక తలుపు తీస్తే నాకు ప్రాణం లేచొచ్చింది. సీటుకూ ముందు సీటుకూ మధ్య ఖాళీని చెక్కపెట్టెతో పూడ్చి, మొత్తం మీద కొలిచి కుట్టినట్టున్న దూది పరుపు వేశారు. పడుకున్నాను. కారు కదిలింది. ఆ తర్వాత నాకు తెలిసింది, పుంగనూరు వచ్చిందని మా ఆయన లేపడమే. నేను నిద్రపోయాను! రెండేళ్ళలో బండెక్కి నిద్రపోయింది అదే. నవ్వుతూ దిగి, చెదిరిన బొట్టు సవరించుకుని, "ఇదే, ఇంక యాడా సూడొద్దు" అనేశాను. బేరం మొదలు కాకముందే అలా అన్నందుకు మా మామ నన్ను మింగేసేలా చూశాడు. కానీ ఆ ఇంట్లో చెంబు తళతళలాడేలా తోమి, మూత పెట్టి తెచ్చారు. దాంతో ఆయనా మెత్తబడ్డాడు.

ఆమె కూడా నాకు చాప పరిచింది. కారు లోపాలన్నీ తనే చెప్పింది. ఎడమవైపు తలుపు లోపల్నుంచి రాదంది, వానొస్తే ముందు అద్దం దగ్గర కారుతుందంది. పక్కనున్న తమ్ముడు గొంతు సవరించుకున్నా ఆగలేదు. ఒక్క మాట మాత్రం ఆమె గొంతు దాకా వచ్చి ఆగిపోయినట్టు నాకు అనిపించింది. అలసటేమో అనుకున్నాను.

బయట బానెట్ మీద తువ్వాలు పరిచి, దాని కింద మామ, ఆమె తమ్ముడు చేతులు కలిపారు. సంతలో ఎద్దుల బేరం అలాగే చేస్తారు, ధర వేళ్ళ నొక్కుళ్ళలో నడుస్తుంది, పక్కవాళ్ళకు తెలియదు. ఇద్దరూ తలలు ఊపారు, తువ్వాలు తీశారు. అప్పుడు ఆమె వచ్చి వెనక తలుపు తీసి, పరుపు చుట్టి, చంకన పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. నా గుండె జారింది. అది లేకపోతే ఆ కారు నాకెందుకు?

నేను నోరు తెరిచేలోపే మామ అడ్డుకున్నాడు. "అమ్మా కోడలా, గొడ్డును అమ్మినోళ్ళు పలుపు ఇస్తారా? అది వాళ్ళ పలుపనుకో. అడగరాదు" అన్నాడు. మా వైపు పశువును అమ్మినా దాన్ని కట్టేసిన తాడు మాత్రం ఇవ్వరు. తాడుతో పాటు ఇంటి లక్ష్మి కూడా వెళ్ళిపోతుందని భయం. కొన్నవాళ్ళే కొత్త పలుపు తెచ్చుకోవాలి. మా పుట్టింట్లోనూ అదే పద్ధతి. గడప మీద నిలబడిన ఆమె గబగబా, "అవునప్పా, పలుపే" అంది. ఇంకేం మాట్లాడతాను?

బోడి సీటు మీద మదనపల్లె చేరేసరికి నా కళ్ళలో నీళ్ళు ఆగలేదు. అలాంటి పరుపే కుట్టించాం. దూది కొత్తది, ఎత్తుపల్లాలుగా ముద్దకట్టి నడుమును మరింత విరగ్గొట్టింది. విప్పి మళ్ళీ కుట్టమని ఇచ్చాం. అది తిరిగి రాకముందే ఒక ఉదయం మండీకి కుప్పం నుంచి ఫోను వచ్చింది. మా చెల్లెలికి నెల ముందుగానే నొప్పులు మొదలయ్యాయి, సర్కారు ఆసుపత్రిలో చేర్చారు.

ఇంట్లో ఉన్న బొంతలన్నీ సీటు మీద వేసి బయల్దేరాం. పుంగనూరు దగ్గరయ్యేసరికి నా వల్ల కాలేదు. మా ఆయన కారు ఆపి, "తిరిగిపోదాం. ఇట్ల పోతే నువ్వూ ఆసుపత్రిలోనే సేరతావు" అన్నాడు. "ఆయమ్మ ఇంటి కాడికి పోనియ్యండి" అన్నాను. పలుపు అడగకూడదని చెప్పడానికి మామ పక్కన లేడు, ఉన్నా వినేదాన్ని కాదు.

ఆమె వాకిట్లో మామిడికాయలు ఏరుతోంది. నేను కారులోంచే అరిచాను. "అమ్మా, ఆ పరుపు ఇయ్యండి. నా సెల్లెలు ఆడ ఒక్కతే నొప్పులు పడతాండాది."

ఆమె కారు దగ్గరకు వచ్చింది కానీ, పరుపు కోసం లోపలికి పోలేదు. "అది పలుపు కాదమ్మా. మీ పెద్దాయన అట్లంటే అవునన్న్యాను. మా ఇంటాయన రెండేండ్లు వేలూరు ఆసుపత్రికి దాని మీదే పండుకోని పోతా వస్తా ఉన్న్యాడు. పానం పోయింది గూడా దాని మీదే. అమ్ముడుపోతే సాలని, ముత్తైదువను నిన్ను దాని మీద పండుకోనిచ్చినాను. నువ్వు దిగి బొట్టు దిద్దుకుంటా నవ్వితివి సూడు, అప్పుడే అనుకున్న్యాను, దాన్ని నీకు ఇయ్యకూడదని" అంది.

నాకు ఒళ్ళు మండింది. "ఆ మారాజు నాకేం సెరుపు సేసినాడమ్మా? నాకు కంటి నిండా కునుకొచ్చింది ఆ పరుపు మీదే. తెండి!"

"పుట్టే తావుకు నా సేత్తో దాన్ని పంపను. నువ్వు తిట్టినా సరే." ఆమె తెగేసి చెప్పింది. మా ఆయన గడియారం చూసుకుంటున్నాడు. ఆమె నా బొంతల్ని తడిమి చూసి తల అడ్డంగా ఊపింది. "పరుపు ఒకటే కాదులేమ్మా. నేను మూల కూసోని ఆయన నడుం కింద సేతులు పెట్టి పట్టుకుంటా ఉంటి. గుంత వచ్చేటప్పుడు కొంచిం లేపాల."

"అయితే మీరే ఎక్కండి" అన్నాను.

ఆమె రెండడుగులు వెనక్కి వేసింది. "నేనా? కాన్పు కాడికి నేనా? మొగుడు పోయినదాని మొగం అట్లాంటి సోట ఎవురు సూస్తారమ్మా?"

"నేను సూస్తాండా గదా, నాకేమైంది? ఎక్కండి, ఆలిస్యమైతాంది."

కుప్పంలో కారు దిగనని మాట తీసుకుని ఎక్కింది. మూల కూర్చుని నా నడుం కింద రెండు చేతులూ పెట్టింది. గుంత వచ్చే ముందే ఆ చేతులు నన్ను కొద్దిగా పైకెత్తేవి. పలమనేరులో వేలూరు రోడ్డు చీలే చోట ఆ వేళ్ళు బిగుసుకున్నాయి. నేను తెలియనట్టు కళ్ళు మూసుకున్నాను. అక్కడి నుంచి రోడ్డు ఆమెకు కొత్తది. మెడ చాచి ముందుకు చూస్తూ, వెంకటగిరికోట దాటి కుప్పం చేరేదాకా ఆ చేతులు తీయలేదు.

కారు దిగితే నేను నిటారుగా నిలబడలేకపోయాను. మా ఆయన మా చెల్లెలి మొగుణ్ణి వెతుక్కుంటూ మందుల అంగడికి పరిగెత్తాడు. ఆమె పెట్టిన షరతును ఆమే మరిచిపోయి, నన్ను పట్టుకుని వార్డు దాకా నడిపించింది. గుమ్మం కనిపించగానే వదిలేసి, వరండా చివర గోడ వైపు తిరిగి నిలబడింది. మా చెల్లెలు నన్ను చూసి, "వచ్చినావా అక్కా" అని ఒక్కటే మాట అంది. నేను దాని తల నిమిరాను. కాసేపటికే దాన్ని కాన్పు గదిలోకి తీసుకుపోయారు, నేను బయట బెంచీ మీద ఒరిగిపోయాను.

బిడ్డ ఏడుపు వినిపించింది. నర్సు గుడ్డలో చుట్టి బయటికి తెచ్చి, "ఎవురమ్మా ఈ బిడ్డ తాలూకా, పట్టుకోండి" అంది. లేవబోయాను, నడుం లేవనివ్వలేదు. పడుకున్న చోటి నుంచే గోడ వైపు చూసి, "అమ్మా, మీరు తీసుకోండి" అన్నాను. ఆమె చేతులు కొంగులో దాచుకుంది. నర్సు విసుక్కుంది. "యాల అట్ల నిలబడుకోని ఉండారు? లోపల నాకు పనుండాది" అని ఆమె దగ్గరకు పోయి, చేతుల్లో పెట్టేసి వెళ్ళిపోయింది.

ఆమె బిడ్డను గుండెలకు ఆనించుకుంది. కళ్ళ నీళ్ళు బిడ్డ మీద పడకుండా ముఖం పక్కకు తిప్పుకుంది. తర్వాత నా దగ్గరకు వచ్చి, బిడ్డను పక్కన పడుకోబెట్టి, ఎవరూ వినకుండా అడిగింది. "ముందు ఎత్తుకుంది నేనని మీ సెల్లెలికి సెప్పొద్దమ్మా."

ఆ సాయంత్రమే చెప్పేశాను. దాచడం నాకు చేతకాదు. మా చెల్లెలు నీరసంగా కళ్ళు తెరిచి అంతా విన్నది. "నిన్ను ఈడికి తెచ్చిన ఆయమ్మ యాడుండాది? లోపలికి పిలువు" అంది. వెళ్ళి చెబితే ఆమె నమ్మలేదు. తలుపు దాకా వచ్చి, లోపలున్న మా చెల్లెల్ని అక్కడి నుంచే అడిగింది, "నిజంగా నన్నే రమ్మంటివా, బిడ్డా?" అని.