గరగర కింద గొంతు

పాత క్యాసెట్లు బాగుచేసే ఆయన బియ్యంలో రాళ్లు ఏరినట్టు, కళ్లు మూసుకుని విని, కంప్యూటర్లో గరగరలు ఏరేస్తాడు. మనిషి గొంతును మాత్రం చచ్చినా చెరపడు; అదొక నిష్ఠ. మొన్న ఒకావిడ ఏడేళ్లప్పుడు తాను పాడిన పాట తెచ్చింది. "నేను పాడితే మా నాన్న కళ్లనీళ్లు పెట్టుకునేవారటండీ. ఆ ధైర్యంతోనే సంగీతం టీచర్నయ్యాను," అంది. గరగర పోయాక, పాట వెనక ఆ తండ్రి తల్లితో అన్న మాట తేలింది: "దాన్ని ఆపమనవే, చెవులు చిల్లులు పడుతున్నాయి." ఒక్క మీట నొక్కితే పోయేది. ఆయన దాన్ని ఇంకాస్త తేటపరిచాడు. మర్నాడు అది ఆవిడకు వినిపించాడు. "నాన్నగారి మాట ఎంత స్పష్టంగా వచ్చిందో చూశారా అమ్మా?" అన్నాడు. ఆవిడ పలకలేదు. సరిగా వినపడలేదు కాబోలనుకుని, సౌండు పెంచి మళ్లీ పెట్టాడు.