నాన్న వేసిన హాజరీ

మా ఇంట్లో కాలేజీ గుమ్మం ఎక్కినవాళ్లు లేరు. నేనూ ఎక్కలేదు. భిలాయిలో మా సెక్టార్ లైబ్రరీలో ఫ్యాన్ కింద కుర్చీ దొరకబుచ్చుకుని చదివి, ప్రైవేటుగా పరీక్షలు రాసి ఎం.ఏ. అయ్యాను. ఆ మాట ఇప్పటికీ గర్వంగానే చెప్పుకుంటాను. తర్వాత పాఠాలు చెప్పడానికే కాలేజీలో అడుగుపెట్టాను, గెస్ట్ లెక్చరర్‌గా.

ఇంటర్వ్యూ చేసేవాళ్లు ముందు ఇంటర్నెట్‌లోనే మన పేరు వెతుకుతారని అక్కడి సీనియర్ మేడమ్ చెప్పింది. పరిశోధకుల వెబ్‌సైట్‌లో పేజీ తెరిచి, ఫొటో పెట్టి, ఇక్కడి క్యాంప్ 2 బస్తీ తెలుగువాళ్ల పెళ్లిపాటల మీద నేను రాసిన వ్యాసాలు ఎక్కించాను. ఆ లింకు బంధువులందరికీ వాట్సాప్‌లో పంపాను, నాన్నకి కూడా.

ఆ ఏటి సెషన్ అయిపోగానే కాలేజీ నన్ను ఆపేసింది. పేజీలో ఉద్యోగం దగ్గర కాలేజీ పేరు తీసేయాల్సి వచ్చింది. ఆ రోజు ఏడ్చాను. నాన్న హథ్‌ఖోజ్‌లో ఫ్యాక్టరీలో ఠేకేదారు దగ్గర కాంట్రాక్టు కూలీగా పనిచేసి ముసలివాడైన మనిషి. అక్కడ కొన్నాళ్లు వరసగా హాజరీ పడకపోతే పేరు కొట్టేస్తారు, గేట్ పాస్ పోతుంది.

“అయితే ఆ పేజీలో నీ పేరు కూడా కొట్టెస్తారేటి?” అన్నాడు.

అక్కడ అలాంటిదేమీ ఉండదని చెప్పాను. నమ్మినట్టు కనపడలేదు.

మన పేజీ ఎవరు చూశారో చెప్పదు గానీ, ఏ ఊళ్లో ఎప్పుడు చూశారో ఆ వెబ్‌సైట్ చూపిస్తుంది. ఆ వేసవి నుంచి రోజూ పొద్దున్నే భిలాయిలో ఎవరో ఒకరు చూస్తున్నారు. ఏ ప్రొఫెసరో నన్ను గమనిస్తున్నాడనుకున్నాను. ఆ ఒక్కరి కోసం వ్యాసాలు మళ్లీ దిద్దాను, మంచి చీర కట్టుకుని ఫొటో తీయించుకున్నాను. మన ఊళ్లోనే నాకొక పాఠకుడున్నాడని నాన్నకి చెబితే, టీ ఊదుకుంటూ, “మంచోడే అయ్యుంటాడు” అన్నాడు.

చలికాలంలో ఆయన ఊపిరితిత్తులు చెడిపోయాయి. ఆసుపత్రిలో ఒక పొద్దున్న మాస్కు పక్కకి లాగి తలగడ కింద తడుముకుంటున్నాడు. ఏం కావాలని అడిగాను.

“ఫోను. ఈయేళ నీ హాజరీ పడనేదమ్మా.”

ఆయాసపడుతూ ముక్కలు ముక్కలుగా చెప్పాడు. లేవగానే ఆ లింకు నొక్కి, పేజీ చివరిదాకా జరుపుతాడట. రోజూ ఎవరో ఒకరు తెరుస్తుంటే పేరు కొట్టెయ్యరని.

ఆ పేజీకి గేటు లేదని నేనిక చెప్పలేదు. ఫోన్‌లో తెరిచి చేతికిచ్చాను. ఆయనకి రాని ఇంగ్లీషు మీద బొటనవేలు కిందిదాకా జరిపాడు. మళ్లీ పైకొచ్చి, నా ఫొటో దగ్గర ఆగాడు.

“పడింది,” అన్నాడు.

ఆ వారం దాటలేదు ఆయన.

తర్వాత ఇంకో కాలేజీలో ఇంటర్వ్యూకి వెళ్లొచ్చాను. ఉద్యోగం రాలేదు. నా పేజీ చూశామని అక్కడ ఎవరూ అనలేదు. ఎప్పుడైనా ఢిల్లీలోనో పుణెలోనో ఎవరో చూసినట్టు కనపడుతుంది. భిలాయి మాత్రం కనపడదు.

నా పేజీ నేను తెరిస్తే లెక్కలోకి రాదు. నాన్న ఫోన్‌లో తెరిస్తే వస్తుంది. దానికి ఛార్జింగ్ పెడుతూనే ఉన్నాను గానీ, ఆ లింకు నొక్కడానికి చెయ్యి రావడం లేదు.