ఇస్త్రీ పెట్టె కింద బుక్స

ఆ రోజుల్లో, అంటే తెలియదు అన్న మాట నా నోట ఇంకా పలకని రోజుల్లో, అమెరికాలోని సన్నీవేల్‌లో బట్టలు సరిచేసే ఒక దుకాణంలో కొత్తగా పనికి చేరాను. నా బడి చదువు ఐదో తరగతితో సరి. మిగతాదంతా లైబ్రరీలో నోట్‌బుక్కులోకి ఎక్కించుకున్నదే. (డిగ్రీలున్నవాళ్లు నిఘంటువు తెరవగా నేనింతవరకు చూడలేదు.)

మా ఓనరమ్మ కషూబియన్. పోలాండ్ ఉత్తరాన, సముద్రం పక్కన ఉండే జనం. ప్యాంటుని ‘బుక్స’ అనేది. ఒక శనివారం, గంటలో కూతురి పెళ్లి పెట్టుకుని, జర్మన్ రొట్టెలాయన పరుగున వచ్చాడు. బిగుతైన ఉన్ని ప్యాంటు విప్పి నా చేతికిచ్చి కర్టెన్ వెనక నిలబడ్డాడు. నడుం వదులు చేసి ఇస్త్రీ మొదలుపెట్టానో లేదో, “బుక్స అయిందా?” అని ఓనరమ్మ నన్నడిగింది.

“అది మా మాట,” అంది కర్టెన్.

“మా నాయనమ్మ మాట.”

“ఆవిడకి మావాళ్లే నేర్పుంటారు.”

“ప్యాంటు లేనివాడు ఇంత మాట్లాడకూడదు,” అని ఓనరమ్మ నా వైపు తిరిగింది. “నీ నోట్‌బుక్ తియ్యి.”

తన జీన్స్ కోసం కూర్చున్న మన తెలుగు కుర్రాడు, “అంకుల్, ముందు ప్యాంట్ ఇచ్చేయండి, ఆయన లేట్ అయిపోతాడు,” అన్నాడు.

చరిత్రకి లేట్ ఏమిటి? మొదలుపెట్టాను. జర్మన్‌లో బుక్ అంటే మగ మేక, హోస అంటే కాళ్ల తొడుగు. మేకతోలు తొడుగే నలిగి నలిగి బుక్స అయింది. ఉత్తర జర్మనీలో పుట్టి కషూబియన్ల ఇళ్లకు చేరింది. (ఓనరమ్మ ముఖం ముడుచుకుంది.) కానీ ఈయనది దక్షిణ జర్మనీ, ఈయన నాయనమ్మ కూడా ఆ మాట ఎరగదు. (కర్టెన్ కదిలింది.)

“అంకుల్, మీ మేక కాలుతున్నట్టుంది.”

పెట్టె ఎత్తి చూస్తే, ప్యాంటు వెనక భాగాన నల్లటి త్రికోణం.

ఓనరమ్మ వెనక గదిలోకి వెళ్లి నల్ల ప్యాంటు ఒకటి తెచ్చి కర్టెన్ మీద వేసింది. “మా ఆయనది. పోయినప్పటి నుంచీ ఇక్కడే వేలాడుతోంది.”

అతికినట్టు సరిపోయింది. గుమ్మం దగ్గర ఆగి, “మీ బుక్స రేపు తెచ్చిస్తాను,” అన్నాడు రొట్టెలాయన, ‘మీ’ అన్నది కాస్త ఒత్తి. ఓనరమ్మ కళ్లు తుడుచుకుని, “ఇకమీదట పెట్టె నిలబెట్టి మాట్లాడు,” అంది నాతో.

ఇప్పటికీ ఏదైనా వివరించబోతే ముందు నా కుడిచేయి ఇస్త్రీ పెట్టె ఎత్తుతున్నట్టు దానంతటదే పైకి లేస్తుంది. ఆనాటి నన్ను తలుచుకుని కాసేపు నవ్వుకుంటాను. తర్వాత వివరిస్తాను.