ఖాళీగా వెళ్ళిన గిన్నె

నా చిన్నప్పుడు మద్రాసులో ప్రతి ఇంట్లోనూ గిన్నెల మీద పేర్లు చెక్కించుకునేవాళ్ళం చిట్టితల్లీ. ఇంటికీ ఇంటికీ మధ్య గిన్నెలు తిరుగుతూ ఉండేవి కదా, ఎవరివో తెలియడానికి. మొన్న ఫోనులో అడిగావే, మన వంటింటి అలమరలో ఉన్న ఇత్తడి గిన్నె మీద వేరేవాళ్ళ పేరెందుకుందని, అది మా పక్కింటి అత్త పేరు. దొంగిలించింది మాత్రం కాదు. తమ్ముణ్ణి కూడా పక్కన కూర్చోబెట్టుకుని చదువు, ఇది మీ ఇద్దరికీ.

అప్పుడు మేము పురసవాక్కంలో ఒక కాంపౌండులో ఉండేవాళ్ళం. ఆంధ్ర రాష్ట్రం వేరుపడి రెండు మూడేళ్ళయింది, నాకు పదేళ్ళు. నాలుగు పోర్షన్లు, మధ్యలో వాకిలి, వాకిట్లో అందరికీ కలిపి ఒకటే కొళాయి. మా పక్క పోర్షనులో ఉండే అత్త మాకు చుట్టం కాదు. వాళ్ళు తాతల కాలం నుంచీ మద్రాసులో ఉన్న తెలుగువాళ్ళు, హిందువులు. మేము క్రైస్తవులం. అయినా అమ్మ ఆమెను వదినా అనేది, ఆమె కూడా అమ్మను వదినా అనేది. పొద్దున్నే అమ్మ పాట పాడి ప్రార్థన చేసుకుంటుంటే గోడ అవతల అత్త అట్లు పోసుకుంటూ అదే పాట కూనిరాగం తీసేది. మాటలు రావు, రాగం మాత్రం తప్పేది కాదు.

ఆ రెండిళ్ళ మధ్య ఒక పద్ధతి ఉండేది. వచ్చిన గిన్నెను ఖాళీగా పంపకూడదు. కూర పోసి పంపితే కూరే పంపాలని కాదు. గుప్పెడు మరమరాలో, చిటికెడు చక్కెరో, ఏమీ లేని రోజు రెండు మల్లెపూలో. అటూ ఇటూ మోసేది నేనే.

అమ్మకప్పుడు ఏడో నెల. నీళ్ళ బిందె ఎత్తడానికి అమ్మ వంగడమే ఆలస్యం, అత్త వచ్చి లాక్కునేది. "నువ్వెత్తబాక వొదినా, నేనుండాను గదా" అని తన చంకలో ఒకటి, మాది ఒకటి పెట్టుకుని నడిచేది.

ఇక మా సండేస్కూలు టీచరమ్మ. తెల్లచీర, నల్లగొడుగు, గట్టిగా మాట్లాడి ఎరగదు. ఆమె దగ్గరొక బిస్కెట్ డబ్బా ఉండేది. దాన్నిండా ఎవరో దొరలు పంపిన పాత క్రిస్మస్ కార్డులు. రాసిన భాగం కత్తిరించి బొమ్మ ఉన్న భాగం మాకు బహుమతిగా ఇచ్చేది. అందులో ఒక కార్డు మీద వెండిపొడి అద్దిన పావురం ఉంది. ఎండలో పెడితే రెక్కలు కదిలినట్టే ఉండేవి. నాకు ఆ పావురం కావాలి. అన్నం కంటే, కొత్త గౌను కంటే అదే కావాలి.

డిసెంబరు మొదటి ఆదివారం టీచరమ్మ తగువులు తీర్చి సమాధానపరిచేవాళ్ళ గురించి పాఠం చెప్పింది. ప్రభువు కొండ మీద కూర్చుని, అలాంటివాళ్ళను దేవుడు తన పిల్లలంటాడని చెప్పాడట. ఈ వారం మీలో ఎవరైనా తగువుపడిన ఇద్దరిని కలిపి వచ్చి చెబితే పావురం కార్డు వాళ్ళదే అంది.

ఇంటికొచ్చి వెతికాను. మా కాంపౌండులో తగువే లేదు! మూడో పోర్షనులోని తమిళ అవ్వ, పాటి అనేవాళ్ళం, కోడలిని ఎప్పుడైనా తిడుతుందేమోనని రోజంతా వాళ్ళ గుమ్మం దగ్గర తచ్చాడాను. ఆ రోజు కోడలి తలకు నూనె రాస్తూ కూర్చుంది ఆవిడ. నా కర్మ అనుకున్నాను. సోమవారం నాకొక ఆలోచన వచ్చింది. తగువు లేకపోతే నేనే ఒక చిన్నది పెడితే సరి, సాయంత్రానికల్లా నేనే తీర్చేస్తాను కదా.

అమ్మ దగ్గరికి వెళ్ళి, నువ్వు పొద్దున్నే పాడితే నిద్ర పాడవుతోందని అత్త అంటోంది అన్నాను. అత్త దగ్గరికి వెళ్ళి, నువ్వు నిన్న పంపిన పాయసం నీళ్ళు నీళ్ళుగా ఉందని అమ్మ నవ్వింది అన్నాను. అత్త పొయ్యిలో పుల్ల ఇంకాస్త లోపలికి తోసింది. అమ్మ బియ్యం ఏరుతున్న చెయ్యి ఆపి, మళ్ళీ ఏరుకుంది. అంతే.

మరునాడు పొద్దున అమ్మ పాడలేదు. పెదవులు కదిపి ప్రార్థన ముగించింది. తరవాత ఆ పాయసం వచ్చిన ఇత్తడి గిన్నె తోమి, తుడిచి, అత్తకిచ్చి రమ్మంది. మూత తీసి చూశాను. అద్దంలా మెరుస్తోంది, లోపల ఏమీ లేదు. వాకిలి దాటడానికి పది అడుగులు. ఆ పది అడుగులూ మూత గట్టిగా నొక్కిపట్టి నడిచాను. అత్త గిన్నె తీసుకుంది, లోపలికి చూసింది, అలమరలో బోర్లించింది.

సాయంత్రానికి తీరుస్తానన్నదాన్ని, శనివారం వచ్చినా తీర్చలేకపోయాను. అత్త మంచిది కదమ్మా అంటే, పోయి చదువుకో అనేది అమ్మ. అమ్మకు నువ్వంటే ఇష్టం అత్తా అంటే, "సరి, పో పాపా" అనేది అత్త. తగువు పెట్టినప్పుడు అంత సులువుగా పెట్టానే, తీర్చేటప్పుడు నా మాట ఎవరికీ వినిపించడం లేదు.

శనివారం పొద్దున కొళాయి దగ్గర అమ్మ తన బిందె తానే ఎత్తుకోబోయింది. సగం దాకా ఎత్తి, బిందె దించేసి, నడుం పట్టుకుని రాతి పలక మీద కూలబడింది. ముఖం పాలిపోయింది. అత్త ఒక అడుగు ముందుకేసింది. అమ్మ తల తిప్పుకుంది. అత్త ఆగిపోయింది. ఆ ఆగిన అడుగు నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. అమ్మకూ కడుపులో బిడ్డకూ ఏమైనా అయితే చేసింది నేనే. నేనెత్తుతానని వెళ్ళాను, బిందె నాతో కదలలేదు.

ఆదివారం టీచరమ్మ అడిగింది. నోరు ఊరుకోలేదు, నేను ఇద్దరిని కలిపానని లేచి నిలబడ్డాను. ఏం చెప్పి కలిపావమ్మా అంది ఆమె, చాలా మామూలుగా. పావురం కార్డు చేతిలో పట్టుకుని ఆమె అలాగే ఎదురుచూసింది. నేను ఏడ్చేశాను. పిల్లలందరినీ పంపేసి, గొడుగు పక్కన పెట్టి, మొదటి నుంచీ చెప్పమంది. చెప్పాను. కోప్పడుతుందనుకున్నాను. కోప్పడలేదు.

"ఆడొక మాట, ఈడొక మాట చెప్తే తగువొస్తది పాపా. సమాధానం అట్ట రాదు. ఇద్దరూ ఉండే చోట నిలబడి, ఇద్దరికీ వినపడేటట్టు చెప్పాల."

అమ్మ కొడుతుంది అన్నాను.

"కొట్టనీ" అంది. కార్డును తన బైబిల్లో పెట్టుకుంది.

ఇద్దరూ ఉండే చోటు కొళాయి ఒక్కటే. సోమవారం పొద్దున నాలుగు పోర్షన్ల ఆడవాళ్ళూ బిందెలతో నిలబడి ఉన్నారు. అమ్మ బిందె కొళాయి కింద ఉంది, అత్త ఆ వెనక. నేను వెళ్ళి ఇద్దరి మధ్యా నిలబడ్డాను.

"అత్తా, అమ్మ నీ పాయసాన్ని ఏమీ అనలేదు. అమ్మా, అత్త నీ పాటను ఏమీ అనలేదు. రెండూ నేనే కల్పించి చెప్పినాను. బొమ్మ కార్డు కోసం."

బిందె నిండి నీళ్ళు పొర్లిపోతున్న చప్పుడొకటే. అమ్మ చెయ్యెత్తింది. నేను కళ్ళు మూసుకున్నాను. దెబ్బ పడలేదు. తెరిచి చూస్తే అమ్మ చెయ్యి అత్త చేతిలో ఉంది.

"బిడ్డను కొట్టబాక వొదినా. పదేళ్ళ పిల్ల మాట నమ్మి వారం దినాలు మూతి ముడుచుకున్నామే, ముందు మనిద్దరికీ పడాల దెబ్బలు."

అమ్మ ముందు నవ్విందో ముందు ఏడ్చిందో చెప్పలేను. ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు వదలకుండా అలాగే నిలబడిపోయారు. వెనక నుంచి తమిళ పాటి, ముందు ఆ కొళాయి కట్టి తరవాత ఏడవండమ్మా అని తన వచ్చీరాని తెలుగులో కసిరేసరికి వాకిలంతా గొల్లున నవ్వింది. అత్త మా బిందె ఎత్తి చంకలో పెట్టుకుని ముందు నడిచింది. ఆమె వెనక అమ్మ, అమ్మ వెనక నేను. రాజ్యం గెలిచి ఊరేగుతున్నట్టు నడిచాను ఆ పది అడుగులూ.

గుమ్మంలో బిందె దించి, ఉండమని చెప్పి అత్త తన ఇంట్లోకి వెళ్ళి వచ్చింది. చేతిలో ఆ ఇత్తడి గిన్నె. పొగలు కక్కుతున్న పాయసం, గరిటె నిలబెడితే పడనంత చిక్కగా. ఆ పొద్దున అమ్మ ఎంత గొంతెత్తి పాడిందంటే నాన్న గడ్డం గీసుకుంటూ కత్తి పక్కన పెట్టేశాడు. గోడ అవతల నుంచి కూనిరాగం కాదు, అత్త కూడా నోరు తెరిచే పాడింది, మాటలు రాని చోటల్లా లాలాలా అంటూ. నన్ను అమ్మ కొట్టలేదనుకునేరు. కొట్టింది, మధ్యాహ్నం, పాయసం తిన్నాక.

మరుసటి ఆదివారం క్లాసులో అందరి ముందూ జరిగింది జరిగినట్టు చెప్పాను. పిల్లలు పగలబడి నవ్వారు. టీచరమ్మ పావురాన్ని నా చేతిలో పెట్టింది. రెండు నెలలకు పుట్టిన తమ్ముడికి మొదటి స్నానం చేయించింది అత్తే. ఏడాది తిరక్కుండా ఆ పావురం రెక్క నమిలేసింది వాడే, మీ చిన్న తాత. గిన్నె సంగతంటారా, వాళ్ళు ఇల్లు మారి వెళ్ళే రోజున అది మా ఇంట్లో ఉంది. అమ్మ లడ్లు నింపి ఇవ్వబోతే, "నింపే వంతు నీది గదా వొదినా, మళ్ళీ వచ్చినప్పుడు నింపి ఇద్దువులే, అంతదాకా నీ దగ్గరే ఉండనీ" అని వదిలేసి వెళ్ళింది అత్త.

మీరిద్దరూ విడివిడిగా ఫోను చేసి ఒకరి మీద ఒకరు చెప్పబోతే నేను విననిది అందుకే తల్లీ. ఇద్దరూ ఒకే ఫోను దగ్గరికి రండి అంటాను, మీరు విసుక్కుంటారు. విసుక్కోండి. ఆ కొళాయి దగ్గర నిలబడ్డ పిల్ల ఇంకా నాలో ఉంది, అదే మీతో అలా అంటుంది.

ఒక్కటి మాత్రం నాకు ఇప్పటికీ తెలియదు. అంత చిక్కటి పాయసం కావాలంటే గంటకు పైగా పొయ్యి మీద ఉండాలి. అంటే నేను కొళాయి దగ్గర నోరు తెరవక ముందే అత్త దాన్ని వండి, ఆ గిన్నెలో పోసి పెట్టింది. నీళ్ళ పాయసమన్నదనుకుని అమ్మకు చూపించడానికి వండిందా, లేక శనివారం ఆగిపోయిన ఆ అడుగును తానే పూర్తిచేద్దామని వండిందా?