పందెం బండి మీద గుంటూరు నుంచి వినుకొండకు

గుంటూరు నుంచి వినుకొండకు మోటారుసైకిల్ మీద వెళ్లాలనుకుంటున్నామని, దారి ఎలా ఉంటుందో చెప్పమని ఈమధ్య ఇద్దరు ముగ్గురు అడిగారు. నేను ఆ దారిన బండి నడిపింది ఒక్కసారే, ఎనభైల మధ్యలో, ఒక ఫిబ్రవరి ఆదివారం నాడు. ఆ బండి నాది కాదు, మా తమ్ముడు శీనుది. వాడు పోయి అప్పటికి నెల దాటింది. కడుపులో గడ్డ, ముదిరిపోయాక గానీ బయటపడలేదు. ఆసుపత్రిలో చేర్చిన పదకొండో రోజున పోయాడు. ఇరవై రెండేళ్లు వాడికి.

ఆ వారంలో వినుకొండ నుంచి నా పేర ఒక కార్డు వచ్చింది. రాసింది మస్తాన్ అనే మెకానిక్, శీను స్నేహితుడు. "ఆదివారం సాయంత్రం నాలుగింటికి పందెం ఉంది. శీను మాటిచ్చాడు. బండి తెస్తే వాడి బదులు నేను నడుపుతాను. తర్వాత మీ ఇష్టం" అని నాలుగు ముక్కలు. రెండు ఫర్లాంగుల తిన్నని రోడ్డు మీద రెండు బండ్లు పక్కపక్కన నిలబడతాయి. జేబురుమాలు ఊపగానే దూకాలి, ముందు చేరినవాడు గెలిచినట్టు. ఆ పందేలంటే నాకు మంట. సెప్టెంబరులో శీను డిగ్రీ పరీక్ష ఎగ్గొట్టి ఒక పందేనికి వెళ్లాడని తెలిసి, "ఇక నాతో మాట్లాడకు" అన్నాను. నాన్న లేడు, నేను హైస్కూల్లో మాష్టార్ని, వాడికంటే పదేళ్లు పెద్ద. వాడు నిజంగానే మాట్లాడలేదు. నాలుగు నెలలు ఒకే ఇంట్లో అమ్మ ద్వారా కబుర్లు నడుపుకున్నాం. నేను భోంచేసి లేచాక వాడు కూర్చునేవాడు. అందుకని, నేను బయల్దేరింది పందెం కోసం కాదు. బండిని మళ్లీ మామూలుగా చేయించి అమ్మేద్దామని. అది వసారాలో ఉన్నంతకాలం అమ్మ అటు వెళ్లడం మానేసింది.

పొద్దున ఐదున్నరకు, ట్యాంకు నిండా పెట్రోలు పోయించి గుంటూరు దాటాను. పేరేచర్ల చేరేసరికే నడుము పట్టేసింది. శీను, మస్తాన్ కలిసి బండి ముందు చక్రాన్ని పట్టి ఉంచే గొట్టాలను పైకి జరిపి ముక్కును రెండంగుళాలు కిందికి దించారు. అది మళ్లీ లేవకుండా నవారు పట్టీతో బిగించి కట్టారు. వెనక స్ప్రింగులు గట్టివి వేశారు. తిన్నని తారు మీద రెండు ఫర్లాంగులు దూకడానికి పనికొచ్చేదే గానీ, గుంతల రోడ్డు మీద నూరు కిలోమీటర్లు మోయగల బండి కాదు. ప్రతి గుంతా వెన్నుపూసలో తగిలింది. రోడ్డుకు రెండు వైపులా కళ్లాల్లో మిరపకాయలు ఆరబోశారు, ఆ కోరుకు కళ్లు మండి నీళ్లు కారాయి. ఎవరైనా చూసినా మిరప ఘాటే అనుకుంటారని కాసేపు అలాగే కారనిచ్చాను.

ఫిరంగిపురంలో టీకి ఆగాను. అర్ధరూపాయి టీ, రూపాయికి రెండు ఇడ్లీలు. కొట్టాయన బండి చుట్టూ ఒకసారి తిరిగాడు.

"ముందుకి కుంగిందేంటండీ? ఎక్కడన్నా గుద్దారా?"

"లేదండీ, కావాలనే దించారు."

"కావాలని ఎవరన్నా దించుకుంటారా! ఎవరండీ ఆ మహానుభావుడు?"

"మా తమ్ముడు" అన్నాను. చాలా రోజుల తర్వాత ఆ మాట నోట్లోంచి వచ్చింది. ఆయన ఇంకేదో అడగబోతుంటే లేచాను.

నరసరావుపేట దాటాక పత్తి బళ్లు అడ్డం, తర్వాత దారి కాస్త ఖాళీ. తొమ్మిదిన్నరకు వినుకొండ కొండ కిందున్న మస్తాన్ రేకుల షెడ్డు ముందు దిగాను. లావుపాటి మనిషి, పాతికేళ్లుంటాయి. నన్ను చూడగానే చేతులు తుడుచుకుని నమస్కారం పెట్టాడు.

"ఈ కట్లన్నీ విప్పేయ్ మస్తాన్. మామూలుగా చేసివ్వు, అమ్మేస్తాను" అన్నాను.

"అట్నే చేస్తా మాష్టారూ. వాడు ఏం చేశాడో ఒక్కసారి చూడండి, తర్వాత విప్పుతా."

బండిని స్టాండు మీద నుంచి దించి ఓపిగ్గా చెప్పాడు. ఒక్కసారిగా యాక్సిలరేటర్ తిప్పితే బరువంతా వెనక్కి పోయి ముందు చక్రం గాల్లోకి లేస్తుందట, అందుకే ముక్కు దించి కట్టడం. వెనక మాత్రం కొంచెం దిగాలి, లేకపోతే టైరుకు పట్టు దొరకదు. ఎంత దిగాలన్నది నడిపేవాడి బరువును బట్టి ఉంటుంది. అందుకని మనిషిని ఎక్కించి, ఇరుసు నుంచి సీటు బోల్టు దాకా టేపుతో కొలుస్తారు. ఆ కొలతలు షెడ్డు తలుపు మీద పెన్సిలుతో రాసి ఉన్నాయి. శీను పేరు కింద మూడు గీతలు.

"దసరాకి వాడు ఎక్కి కూర్చుంటే అంగుళన్నర దిగింది" అన్నాడు మస్తాన్. "దీపావళికి అంగుళంపావు. స్ప్రింగు బిగుసుకుందేమో అని ఒక మెట్టు వదులు చేశా. క్రిస్మస్ ముందు వచ్చాడు, అంగుళం కూడా దిగలా. స్ప్రింగులు రెండూ ఊడదీసి చూశా మాష్టారూ. వాటికేం కాలా."

నేను తలుపు వైపే చూస్తున్నాను.

"ఏరా, ఇంట్లో అన్నం పెట్టట్లేదా అన్నా. బరువు తగ్గితే బండి బాగా దూకుద్ది కదరా, కావాలనే తగ్గుతున్నా అని నవ్వాడు. పందెం ధ్యాసలో నమ్మేశా. ఆ రోజే డాక్టరు దగ్గరికి లాక్కెళ్లి ఉంటే..." అని ముఖం తిప్పుకున్నాడు.

నూరు కిలోమీటర్ల దూరంలో ఉన్న మనిషి మూడుసార్లు కొలిచాడు. పక్క గదిలో ఉన్న నేను వాడి ముఖం వైపు తిన్నగా ఒక్కసారి చూడలేదు. చొక్కా వదులైందని అమ్మ అన్నప్పుడు, "తిరుగుళ్లు ఎక్కువైతే అంతే" అన్నాను, వాడికి వినపడేలా.

"తప్పు నీది కాదు మస్తాన్" అన్నాను. "కట్లు విప్పొద్దు. నీ బరువుకు సరిచెయ్యి."

మధ్యాహ్నం రెండింటిదాకా ఆ పనే. అతను ఎక్కి కూర్చుంటే నేను టేపు పట్టుకున్నాను. స్ప్రింగు మెట్లు బిగించి, మళ్లీ ఎక్కి, మళ్లీ కొలిచి, నవారు పట్టీ ఇంకాస్త లాగాం. మస్తాన్ వాళ్లమ్మ గోంగూర పచ్చడి, అన్నం పెట్టింది. "ఆ బిడ్డ అడిగి మరీ వేయించుకునేవాడయ్యా. ఆఖరుసారి రెండు ముద్దలతో లేచాడు" అంది.

పందెం సంతమాగులూరు దాటాక అద్దంకి వైపు, రెండు పత్తి చేల మధ్య కొత్తగా తారు వేసిన రోడ్డు మీద. ఎదుటి పందెగాడు రవి, నరసరావుపేట కుర్రాడు. మస్తాన్ బండెక్కి ఉండటం చూసి నవ్వుతూ అరిచాడు. "ఒరేయ్, శీను ఏడిరా? భయపడ్డాడా?"

నేనే చెప్పాను. "నేను వాళ్ల అన్నయ్యని బాబూ. శీను జనవరిలో పోయాడు."

రవి బండి దిగి, రోడ్డు అంచున కూలబడ్డాడు. "వద్దులెండి అన్నా, ఎందుకిది" అన్నాడు.

"వాడు మాటిచ్చాడు. పరిగెత్తించండి" అన్నాను.

ఎవరో జేబురుమాలు ఊపారు. శీను బండి ముందు చక్రం నేల విడవకుండా, గీత గీసినట్టు తిన్నగా పోయింది. నూరు గజాల దాకా ముందుంది కూడా. తర్వాత రవి బండి దాటేసింది. ఒక బండి పొడవు తేడాతో ఓడిపోయాం. మస్తాన్ తిరిగొచ్చి, "నా బరువు ఎక్కువైపోయింది మాష్టారూ. శీనయితే కొట్టేవాడు" అని రోడ్డు మీదే ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. పోయిన రోజున కూడా అలా ఏడవలేదు.

బండి అమ్మలేదు, మస్తాన్‌కే వదిలేశాను. మర్నాడు తొలి బస్సెక్కి, మూడు గంటల్లో గుంటూరులో దిగాను. ఏం జరిగిందని అమ్మ అడిగింది. "మంచి చేతుల్లో పెట్టాను" అన్నాను. తలుపు మీది గీతల సంగతి అమ్మకు ఆఖరిదాకా చెప్పలేదు.

పలకరించి ఉంటే బతికేవాడా? చెప్పలేను. గడ్డ ఎప్పుడు మొదలైందో డాక్టర్లకే తెలియదు. కానీ వాడు చిక్కిపోతున్న నాలుగు నెలలూ ఇంట్లో నా మౌనాన్ని కూడా మోశాడు. అది మాత్రం ఏ జబ్బూ పెట్టింది కాదు, నేను పెట్టింది. ఇప్పటికీ దాన్ని ఎలా కొలవాలో తెలియదు.

ఇప్పుడు రోడ్డు వెడల్పయింది, రెండు గంటల్లో చేరిపోవచ్చు. ఫిబ్రవరిలో వెళితే ముక్కుకు తువ్వాలు కట్టుకోండి, మిరప కోరు కళ్లాలు దాటేదాకా వదలదు. ఒక్కరే వెళ్లకండి. మీరు మాట్లాడటం మానేసిన మనిషి ఇంట్లో ఎవరైనా ఉంటే, వస్తావా అని ముందు వాళ్లనే అడగండి.