నేనేగారి రాతలు

ఎక్కడ ఏది అచ్చయినా అది తానే రాశానని చెప్పుకోవడం ఆయనకున్న జబ్బు. పత్రికాఫీసులో ఆయన పని వాతావరణం రాయడం. ఎండ, వాన, గాలి, అంతే. కానీ ఆ రోజు సంపాదకీయం బాగుందని ఎవరైనా అంటే చాలు, కిటికీ పక్క బల్ల దగ్గర్నుంచి ఎవరో గొంతు సవరించుకుంటున్న చప్పుడు వచ్చేది. వెంటనే "నేనే!" అన్న మాట వినపడేది. అందుకే అందరూ ఆయన్ని నేనేగారు అనేవారు. అసలు పేరు జీతాల గుమాస్తాకు తప్ప ఎవరికీ గుర్తులేదు.

కొత్తగా చేరిన విలేకరి అమ్మాయికి ఆయన మొదటిరోజే తగిలారు. మెట్ల దగ్గర గోడకున్న నోటీసు చదువుతోంది. మంటలు వస్తే ఎటు దిగాలో చెప్పే నోటీసు అది.

"ఎలా ఉందమ్మాయ్?" అన్నారు వెనకనుంచి.

"ఏమిటండీ?"

"భాష! నేనే రాశాను. ముందు 'పరుగెత్తండి' అని రాసి, కంగారుపడతారని 'త్వరగా నడవండి' అని మార్చాను."

అమ్మాయికి నవ్వు వచ్చింది. తర్వాత కుతూహలం పట్టుకుంది. అబద్ధమాడితే ఏదో ఒక లాభం ఉండాలి కదా, ఈయనకు ఒరిగేదేమిటి? అది తేల్చుకోవాలని ఓ మధ్యాహ్నం టీ గ్లాసుతో ఆయన బల్ల దగ్గర చేరింది.

"బాబాయ్, 'ఒంటికొమ్ము మేక' నవల చదివారా?"

"చదవడమేమిటి, రాసిందే నేను!"

"అలాంటి నవలే లేదు బాబాయ్. ఇప్పుడే కల్పించాను."

ఆయన ముఖంలో ఇసుమంతైనా సిగ్గు కనపడలేదు. "అందుకే అమ్ముడుపోలేదన్నమాట!" అని టీ తాగేశారు.

అవి సైన్యం గద్దెనెక్కిన రోజులు. ఆఫీసు మధ్యలో సెన్సారు అధికారి ఎర్ర పెన్సిలు పట్టుకుని కూర్చునేవాడు. ఆయన సంతకం లేనిదే ఏ పేజీ అచ్చుకు పోయేది కాదు. వాతావరణానికీ మినహాయింపు లేదు. ఒకసారి నేనేగారు 'రేపు పెనుగాలులు' అని రాస్తే అధికారి కొట్టేశాడు.

"జనం భయపడతారు. గాలి ఉత్సాహంగా వీస్తుందని రాయండి."

మర్నాడు ఆ ఉత్సాహానికి అధికారిగారి గొడుగు ఊచలు మాత్రమే మిగిలాయి. తడిసి ముద్దయి లోపలికొచ్చిన ఆయన్ని చూసి నేనేగారు ఆప్యాయంగా తువ్వాలు అందిస్తూ, "ప్రభుత్వ ప్రకటన బాగా వచ్చిందా అండీ ఇవాళ? అదీ నేనే!" అన్నారు.

"అది పైనుంచి వచ్చిందయ్యా!"

"పైవాళ్ళకి రాసిచ్చిందెవరనుకున్నారు?"

అధికారి తలపట్టుకున్నాడు. ఈ మనిషితో ఆయనకు రోజూ ఇదే తంతు.

ఆ వారమే ప్రభుత్వాసుపత్రిలో కొత్త వార్డు పైకప్పు కూలింది. ప్రకటనలో మాత్రం 'స్వల్ప మరమ్మతులు' అని వచ్చింది. విలేకరి అమ్మాయి అక్కడికి వెళ్ళి చూసింది. చేతులతో ఇటుకలు తొలగిస్తూ బిడ్డల్ని వెతుక్కుంటున్న తల్లులతో మాట్లాడింది. వచ్చి అంతా రాసింది. ఎవరు రాశారో కూడా చూడకుండా అధికారి మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా ఎర్రగీత గీశాడు.

ఆయన పేజీల మీద సంతకం పెట్టి ఇంటికి వెళ్ళగానే ఎడిటరు అమ్మాయిని పిలిచి, "వేసేద్దాం. నీ పేరు మాత్రం వద్దు" అన్నాడు. వేసేశారు. మర్నాడు పత్రికలు హాట్‌కేకుల్లా పోయాయి. ఆ వెనకే పోలీసు జీపు వచ్చింది.

ఇన్‌స్పెక్టరు పత్రిక పైకెత్తి, "ఇది రాసిందెవరు?" అన్నాడు. ఎడిటరు బాధ్యత తనదేనన్నాడు. "అచ్చువేసింది మీరు. రాసిన చెయ్యి ఎవరిది? చెప్పకపోతే అందర్నీ ఎక్కిస్తాను."

అమ్మాయి బల్ల పట్టుకుని లేచింది. మాట బయటికి రాకముందే కిటికీ వైపు ఎవరో గొంతు సవరించుకున్నారు.

"నేనే!"

అంత భయంలోనూ ఎవరో కిసుక్కుమన్నారు. సెన్సారు అధికారి ఇన్‌స్పెక్టరు చెవిలో, "ఆయన మాట పట్టించుకోకండి, మెట్ల దగ్గర నోటీసు కూడా తనదే అంటాడు" అన్నాడు. కానీ ఇన్‌స్పెక్టరుకు ఎవరో ఒకరు కావాలి. నేనేగారిని జీపెక్కించి, ఆఫీసుకు తాళం వేసి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్నే అమ్మాయి వెతుక్కుంటూ ఆయన ఇంటికి వెళ్ళింది. ఆయన భార్య గుమ్మంలోనే నిలబడి వీధిలోకి చూస్తోంది.

"పిన్నీ, ఆ వార్త నాది. నేనిప్పుడే వెళ్ళి ఒప్పుకుంటాను. ఆయన ఊరికే గొప్పకి..."

"గొప్పా? ఆయనా?" ఆవిడ విచిత్రంగా చూసింది. "ఒకప్పుడు తను రాసినవాటి కింద కూడా పేరు వేయించుకునేవారు కాదమ్మా. ఈ ప్రభుత్వం వచ్చిన కొత్తలో, పక్క బల్ల మీద పనిచేసే స్నేహితుణ్ణి పేరులేని వ్యాసం రాశాడని పట్టుకుపోయారు. ఆ మనిషి ఇంతవరకూ తిరిగి రాలేదు. ఆ మర్నాటి నుంచే మొదలుపెట్టారీ 'నేనే'. అన్నీ నేనే రాశానని ఒకడంటే ఎవరు ఏది రాశారో వాళ్ళెలా తేలుస్తారు అంటారు."

అమ్మాయి గడప మీద కూర్చుండిపోయింది.

"మంచికే మొదలుపెట్టారనుకో, ఇప్పుడు అలవాటైపోయింది. మొన్న నేను కుట్టిన దిండుగలీబు పక్కింటావిడ మెచ్చుకుంటే అదీ 'నేనే' అన్నారు!"

ఇంతలో జీపు వచ్చి ఆగింది. ఇన్‌స్పెక్టరే స్వయంగా నేనేగారిని దింపాడు. ఆయన చెంప ఒకటి వాచి ఉంది. ఇన్‌స్పెక్టరు కళ్ళు రెండూ వాచి ఉన్నాయి, నిద్రలేక.

"అమ్మా, ఈయన్ని మీరే ఉంచుకోండి. ఆ వార్త నేనే అన్నాడు, రాసుకున్నాం. ఊళ్ళో పంచిన కరపత్రాలూ నేనే అన్నాడు, రాసుకున్నాం. మా అధినేతగారి ప్రసంగాలూ నేనే, అవీ వాంగ్మూలంలో రాస్తే గాని సంతకం పెట్టనని కూర్చున్నాడు! అది పైకి పంపితే ముందు లోపలికి పోయేది నేను. అచ్చులో పొరపాటని రాసి కేసు మూసేశాను."

జీపు వెళ్ళిపోయింది. భార్య తడిగుడ్డ తెచ్చి ఆయన చెంపకు అద్దింది. అమ్మాయి దగ్గరికి వచ్చి, "బాబాయ్, నాకోసం మీరు..." అంటూ ఆగిపోయింది.

"నీకోసమేమిటి? ఆ వార్త నేనే రాశాను!" అన్నారాయన వీధికంతా వినపడేలా. తర్వాత అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. "ఒక్క వాక్యం తప్ప. 'కూలిన కప్పు కింద పడింది' అని రాశావు. కూలిన కప్పు కింద పడక పైకి పోతుందా తల్లీ? స్టేషన్లో అది నాదేనని ఒప్పుకునేసరికి సిగ్గుతో చచ్చాననుకో!"