అన్న దిగిన గ్యాస్ గుంత

నారాయణరావుపేట దారిలో ఒక పాల డెయిరీ ఉంది. అక్కడ కూలికి పోయే మా అన్న పేడ గ్యాస్ గుంత కడగడానికి దిగి మళ్లీ పైకి రాలేదు. గుండె ఆగిందన్నాడు యజమాని. దవాఖాన కాగితంలో కూడా అదే రాశారు.

మూడో రోజు, శనివారం, వదిన నన్ను పక్కకు పిలిచింది. "నువ్వు గ్యాసు సూసే మిషిన్ మీదనే పనిజేస్తవు గదా. గా గుంతల ఏమున్నదో సూసి చెప్పు."

నేను సిద్దిపేట దగ్గర ఒక ల్యాబులో పని చేస్తాను. మా మిషన్‌లో గ్యాసు సన్నటి పొడవాటి గొట్టం గుండా పోతుంది. ఒక్కో పదార్థం ఒక్కో సమయానికి బయటపడుతుంది. గంధకం ఉన్నదైతే మంటలో కాలి వెలుగునిస్తుంది, తెర మీద గీత పైకి లేస్తుంది.

ఆ సాయంత్రమే వెళ్లాను. మూత ఎత్తగానే కుళ్లిన గుడ్ల వాసన. చేతికందిన స్టీలు సీసాలో గ్యాసు పట్టుకున్నాను. ఆదివారం ల్యాబు సెలవు. సోమవారం పొద్దున మిషన్‌కు ఎక్కించి, ఆ వాసన గ్యాసు, మనిషిని చంపే హైడ్రోజన్ సల్ఫైడ్ రావలసిన నిమిషం కోసం తెరకు కళ్లప్పగించాను. గీత కదల్లేదు. మూడుసార్లు ఎక్కించినా అంతే.

అప్పుడు తట్టింది. గంధకం గ్యాసులు స్టీలుకు అతుక్కుపోతాయి. వాటిని ప్రత్యేకమైన సంచిలో పట్టి ఆ రోజే చూడాలి. కొత్తగా చేరినవాళ్లకు ఈ మాట నేర్పేదాన్ని నేనే.

సంచి తీసుకుని మధ్యాహ్నం బస్సెక్కాను. అప్పటికే గుంత ఖాళీ చేసి సున్నం చల్లారు. అయినా సంచి నింపుకొచ్చాను. అందులో ఉత్త గాలి తప్ప ఏమీ లేదు.

వారం తర్వాత పెద్దమనుషులు పంచాయితీకి కూర్చున్నారు. ఎవరు చెప్పారో ఏమో, యజమాని అన్నాడు: "సొంత చెల్లెలే మిషిన్ల సూసింది. ఏం రాలేదు. ఇగ నన్నెందుకంటరు?"

లేచి నిలబడ్డాను. తప్పు నాదేనని, సీసా మార్చి ఉంటే ఆ గ్యాసు కనబడేదని చెప్పాను. ఒక పెద్దాయన నెమ్మదిగా అడిగాడు. "గదంత సరే బిడ్డా. వచ్చిందా, రాలేదా?"

"రాలేదు" అన్నాను.

వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లేచి వెళ్లిపోయింది.

ఆ గుంత ఇప్పుడు మద్దూరు నుంచి వచ్చిన ఒకతను కడుగుతున్నాడు. దిగొద్దని పోయి చెప్పాను.

"దిగకపోతే పని ఎవరిస్తరక్కా" అన్నాడు.